స్టిక్కర్ల రాత్రి

మాధవరం గోడౌన్లో
నాలుగు వేల డబ్బాల మీద
ఒక్క మాట మూసెయ్యాలి,
పొద్దున లారీ నెల్లూరికి బయల్దేరేలోపు.

నాహర్ సేట్ నోటీసు చదివి వినిపించాడు.
హిందీలో మొదలుపెట్టి, తమిళంలో తిట్టి,
చివరికి మా వైపు తిరిగి తెలుగులో:
"టీ అంటే టీ చెట్టుదేనంట.
మిగతాదంతా టీ కాదంట.
అంటించండి."

మందార టీ. నిమ్మగడ్డి టీ. శంఖుపూల టీ.
నిన్నటిదాకా అన్నిటికీ ఒకటే ఇంటిపేరు.
చెప్పాపెట్టకుండా ఊడబెరికారు.
కొత్త పేరు ప్రెస్సు నుంచి చుట్టలు చుట్టి వచ్చింది,
తడి ఆరని సిరా వాసనతో:
మూలికా వేడి పానీయం.

"ఇది పేరా, ఆస్పత్రి చీటీయా?" అంది దేశమ్మ
బొటనవేలి గోటితో మొదటిది ఒలుస్తూ.

నేను ఎనిమిది దాకా తెలుగు మీడియం.
ప్రెస్సువాడు మింగేసే దీర్ఘాలు వెతికిపెట్టేది నేనే.
అందుకే నాకో అనుమానం.
బళ్లో తేనీరు అని రాసేవాళ్లం కదా,
అందులో తేనె ఏదని
ఏ ఇన్‌స్పెక్టరూ అడగలేదే.
మా మేనత్త మిరియాలు, వాము, తమలపాకు కాచి
కషాయమంటే మేం గోడ దూకుతామని
"టీ పెట్టానర్రా, రండి" అని పిలిచేది.
ఆ అబద్ధం మీద ఎన్ని జ్వరాలు దిగిపోయాయో.

అంటించాం.
బుడగ రాకుండా వేలితో రాసి, నొక్కి.
వెయ్యి దాటాక అక్షరాలు కనిపించడం మానేశాయి,
తెల్లటి చీమల బారు మాత్రం చేతుల కింద నడిచింది.
శంఖుపూల డబ్బా ఒకటి పగిలి
నీలం పొడి నా చీర కుచ్చిళ్లలో పడింది.
నేను దులుపుకోలేదు.

"మా ఆయన ఊరు సూళ్లూరుపేటలో
నన్ను అరవామె అంటారు" అంది దేశమ్మ, ఎవరూ అడక్కుండానే.
"ఇక్కడ మా వీధిలో తెలుంగుకారి.
నేను ఏ చెట్టుదాన్నో
నోటీసింకా రాలేదు."
నవ్వుతూ ఒకటి వంకరగా వేసింది.
పీకి, తిన్నగా వేసింది.

పదకొండున్నరకి సైకిల్ బెల్లు.
ఆరోక్యదాస్.
వెనక క్యారియర్ మీద స్టీలు క్యాను,
దాని కింద బొగ్గుల కుంపటి.
"సుక్కు కాపీ!"

శొంఠి, ధనియాలు, తాటిబెల్లం.
కాఫీ గింజ దాని దరిదాపుల్లో లేదు.
గేటు దగ్గర తొమ్మిదిమందిమి నిలబడి
కాగితం కప్పుల్ని రెండు చేతులా పట్టుకున్నాం.
శొంఠి గొంతుని గీసుకుంటూ దిగింది.

"ఇందులో కాఫీ ఏదయ్యా?"
దేశమ్మ నిలదీసింది, ఇన్‌స్పెక్టరు గొంతుతో.
అతను మూత తీసి లోపలికి తొంగిచూశాడు,
నిజంగానే ఎక్కడో జారిపోయిందేమో అన్నట్టు.
"ముప్పై ఏళ్లలో ఎవరూ అడగలేదమ్మా."
తర్వాత, డబ్బులు తీసుకోడానికి
కాస్త తటపటాయించాడు.

అది దేశమ్మ భరించలేకపోయింది.
కొంగుకి అతుక్కున్న స్టిక్కరొకటి తీసి
క్యాను మీద వేసి అరచేత్తో నొక్కింది.
"ఏం రాసుంది?" అతనికి తెలుగు చదవడం రాదు.
"నీ సరుకు పేరు. గవర్నమెంటు పేరు."
అతను భుజం మీది తువ్వాలుతో
దాని చుట్టూ జాగ్రత్తగా తుడిచాడు.

తెల్లారి లారీ పోయింది.
లెక్కలో ఒక స్టిక్కరు తగ్గింది.
ఒంగోలు వైపు ఏ కొట్లోనో
ఒక మందార డబ్బా
ఇంకా టీయే.

శనివారం మళ్లీ వచ్చాడు, దిగులుగా.
ఆవిరికి అంచులు లేచిపోయాయి.
'మూలికా' రెడ్‌హిల్స్ రోడ్డులో ఎక్కడో రాలింది,
'పానీయం' ఉన్నచోట జిగురు, దుమ్ము.
మధ్యలో ఒక్క మాటే కరుచుకుని ఉంది.
"పేరు పోయింది కదా?"
వంగి చదివాను.
వేడి.
తమిళంలో చెప్పాను: "సూడు."

అతను క్యానుకి చెయ్యి ఆనించి చూసుకున్నాడు.
వంగి, కుంపట్లో
ఇంకో రెండు బొగ్గులు వేశాడు.