పెనమలూరు, మూడో అంతస్తు

"బెంజి సర్కిల్‌కి ఇరవై నిమిషాలండీ, అంతే"
అన్నాడు బ్రోకరు వీరాంజనేయులు.
చూపించింది ఆదివారం మిట్టమధ్యాహ్నం, అదీ కిటుకు.
సోమవారం పోరంకి సెంటరు దాటేసరికే
ఆ ఇరవై అయిపోయాయి,
షేర్ ఆటోలో నా ఒక కాలు లోపల,
రెండోది బందరు రోడ్డు మీద.

బ్యాంకువాళ్ళూ ఇరవై అనే అన్నారు.
ఏళ్ళు.
వాళ్ళు మాత్రం మాట తప్పేలా లేరు.

కాలువ కనిపిస్తుందన్న బాల్కనీకి
ఎదురుగా పక్కవాళ్ళ గీజరు గొట్టం.
మునివేళ్ళ మీద లేస్తే
గట్టు మీది తాటిచెట్టు తల, సగం.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
హైమావతి కొవ్వొత్తి ఉన్న అర దాకా
తడుముకోకుండా నడిచింది.
నాలుగు అద్దె ఇళ్ళలోనూ
ఏదో ఒక గుమ్మానికి కొట్టుకునేది.

నేనే ఇంకా,
ఆ చెప్పుల స్టాండుకి.