గరుకు

ముప్పయ్యేళ్లు నునుపు చేశాను.
మార్కాపురంలో, కంభం రోడ్డు మీద నా స్టూడియో.
తెల్లగొడుగు దీపం కింద
పెళ్లిచూపుల ఫోటోల్లో మశూచి మచ్చలు,
రిటైరయ్యే మేష్టార్ల కళ్లకింద సంచులు
మొదట్లో పెన్సిల్‌తో, ఆనక మౌస్‌తో
ఒక్కోటీ తుడిచేశాను.
చెయ్యి మంచిదన్నారు.

ఇప్పుడా పని ఫోన్లే చేసుకుంటున్నాయి.
నాకు ఖాళీ దొరికింది.
పొద్దున్నే కెమెరా మెడకేసుకుని
గరుకు వెతుక్కుంటూ బయల్దేరతాను.

దూరం పోనక్కర్లేదు.
నా షట్టరే మొదటిది:
నీలం కింద పచ్చ, పచ్చ కింద తుప్పు,
తుప్పులో ఎవరో గీకిన సగం ఫోన్ నంబరు.
బస్టాండు గోడకి పోస్టర్ మీద పోస్టర్,
చినిగిన చోట కొలిస్తే
మూడు ఎలక్షన్ల మందం.
ట్యాంకర్ నీళ్లు పట్టీ పట్టీ
బిందె మూతికి కట్టిన ఉప్పుచారలు.
టీకొట్టు మాలకొండయ్య బల్ల సంగతి చెప్పను,
దానికే ఒక రీలు అయిపోయేది, రీళ్ల కాలంలో.

ఏటవాలు ఎండ కావాలి, అంతే.
ఏడున్నరకి వాగే గోడ
పన్నెండింటికి నోరు మూసుకుంటుంది.

పలకల ఫ్యాక్టరీ వెనక దిబ్బ.
విరిగిన రాయి పొరలు పొరలుగా
నల్ల మడతకాజాలా ఉంటే
మోకాళ్ల మీద కూచుని తీస్తున్నాను.
ఖాశింబీ నవ్వింది.
"పారేసినవాటికి ఫోటోలేందబ్బయ్యా,
పనికొచ్చేదొకటి తియ్యి."
బొటనవేలు చాపింది.

రేషన్ మిషన్ మీద పడట్లేదంట.
కొంగుతో తుడిచి మూడుసార్లు పెట్టినా
నువ్వు నువ్వు కాదందంట.
"నలభయ్యేళ్లు పలక రుద్దితే
పలకతోపాటు ఏలూ అరిగిపోయె.
గీతలు కాస్త తేలేట్టు తియ్యి,
ఆఫీసులో చూపిస్తా."

లెన్సు దగ్గరగా పట్టాను.
చేతిని ఎండకి అడ్డంగా తిప్పాను, ఇంకా వంచాను.
ఒక్క నీడా లేవలేదు.
తుడవడం తెలిసిన చెయ్యి నాది,
లేని గీత పెట్టడం
ఎవరూ నేర్పలేదు.

"పడిందా?"
"ఎండ చాల్లేదమ్మా, రేప్పొద్దున చూద్దాం."
అప్పటికి ఎనిమిది కూడా కాలేదు.

రాత్రి కంప్యూటర్లో పెద్దది చేసి చూశాను.
వేలు తెల్లగా, ఏమీ లేకుండా ఉంది.
దాని వెనక, ఫోకస్ అందీ అందని చోట,
పలకల దొంతర మీద బూడిదరంగు పొడి,
పొడి నిండా
అటూ ఇటూ అద్దిన ముద్రలు,
గీతల్లేనివి.
ఎవర్నడిగినా చెప్తారు
అవి ఎవరివో.