పసుపు చీటీ

రాజేంద్రనగర్‌లో ఏసీ హాలు.
ముప్ఫై నలుగురం లైబ్రేరియన్లం,
మెడలో తాళ్ళు, తాళ్ళకు మా పేర్లు.
పుస్తకాల వీపుల మీద నంబర్లు అంటించే మాకు
ఇవాళ ఎవరో నంబర్లు అంటించినట్టుంది.

కౌశిక్ అనే కుర్రాడు, నీలం కోటు,
తలా ఒక పసుపు చీటీ ఇచ్చాడు.
"పదేళ్ళ తర్వాత మీ గ్రంథాలయం ఎట్లా ఉండాలి?
మీ విజన్, ఒక్క వాక్యంలో."
మలక్‌పేట నుస్రత్ బేగం నా చెవిలో అంది:
"పదేళ్ళా? ముందు ఎల్లుండి
బాత్రూంలో నీళ్ళు రానీ."
ఇద్దరం నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నాం,
పరీక్ష హాల్లో దొరికిపోయిన పిల్లల్లా.

నా చీటీ మీద ఏమీ రాయలేదు.
పర్సులో పడేశాను,
జీరో టిక్కెట్ల మధ్య.

రెండో రోజు నాయకుడంటే ఎవరో చెప్పారు.
తెర మీద ఓడ, ఓడ మీద కెప్టెన్,
దూరంగా దీపస్తంభం.
మా బోరబండ శాఖకు సముద్రం లేదు.
వర్షమొస్తే మాత్రం
కవిత్వం బీరువా దగ్గర
మడమలోతు నీళ్ళు నిలుస్తాయి.
నేనూ అటెండర్ నర్సింగరావూ
అడుగు అర పుస్తకాలు పైకెక్కించి
గడప అవతలికి నీళ్ళు తోస్తాం.
ఆ కెప్టెన్ చేతిలో చీపురు లేదు.

మూడో రోజు కళ్ళు మూసుకుని వెనక్కి పడమన్నారు.
వెనక ఉన్నవాళ్ళు పట్టుకుంటారట.
నాకు యాభై ఆరు. మోకాళ్ళ నొప్పి.
సగం ఒరిగి ఆగిపోయాను.
"నమ్మండి మేడం, నమ్మండి" అన్నాడు కౌశిక్.
అప్పుడే ఫోన్ మోగింది.

నర్సింగరావు.
అత్తకు బాగలేదట, తెల్లారగట్లే
మెదక్ బస్సెక్కాడట.
మరి తాళాలు?
"గంగామణికిచ్చిన మేడం."

గంగామణి. జగిత్యాల అమ్మాయి, గ్రూప్ టూ,
కిటికీ పక్క మూడో కుర్చీ.
నాలుగేళ్ళుగా నాకు తెలిసింది అంతే.
ఫోన్ చేస్తే గుసగుసగా ఎత్తింది,
లైబ్రరీలో మాట్లాడే గొంతుతో:
"ఎనిమిదికే తీసిన మేడం.
కుర్చీలకు టోకెన్లు రాసిన, కొట్లాట లేకుండ.
పెద్దమనుషులకు పేపరు గంటకొకరికి.
మీరు ట్రైనింగ్ మంచిగ చేస్కోండి."

సంతోషమే వేసింది.
సంతోషం అడుగున సన్నగా
చెద తొలిచినట్టు ఇంకేదో.
పదకొండేళ్ళు,
నేను లేకపోతే ఆ తలుపు తెరుచుకోదనుకున్నాను.
చెల్లెలి కూతురి పెళ్ళికి కూడా
తలంబ్రాలు అయిపోయాక వెళ్ళాను.

సర్టిఫికెట్లు ఇచ్చారు. ఫోటో తీశారు.
మెహదీపట్నంలో బస్సు మారి,
నిలబడే బోరబండ చేరేసరికి ఆరున్నర.
నా కుర్చీలో గంగామణి.
ఇష్యూ రిజిస్టర్‌లో గీతలు స్కేలు పెట్టి కొట్టింది,
నేనైతే చేత్తోనే లాగేస్తాను.
నన్ను చూసి లేవబోయింది.
"కూర్చో" అన్నాను.
ఆ ఒక్క మాటకు మూడు రోజులు పట్టింది.

వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాను.
దాని ఒక కాలు పొట్టి.
పేపరు తెరిచాను.
నెత్తి మీద ట్యూబులైటు
వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగి,
అక్షరాలు ఈగల్లా లేచి వాలుతున్నాయి.
నా బల్ల దగ్గర్నుంచి
ఇది ఎప్పుడూ కనపడలేదు.
"ఎన్నాళ్ళయింది ఇట్లా?"
పక్క కుర్చీ అబ్బాయి
గణితం లోంచి తలెత్తకుండానే అన్నాడు:
"నేనొచ్చినప్పట్నుంచి మేడం."

పర్సు తీశాను.
టిక్కెట్ల మధ్య నలిగిన పసుపు చీటీ,
జిగురు కొంచెం మిగిలే ఉంది.
రాశాను:
ట్యూబులైటు, ఒకటి.
కుర్చీ కాలు.
కాసేపు ఆగి, కింద:
తాళంచెవి, ఇంకొకటి చేయించాలి.