మూఢం రోజులు

శుక్రమూఢం.
ఈసారి వైశాఖాన్ని మొత్తం మింగింది.
దేవరకొండ బస్టాండు ఎనక నా స్టూడియోల
ఎర్రపరదా, ప్లాస్టిక్ పూల తోరణం
పనిలేక దుమ్ము పట్టినయ్.
లెన్సుకు ఇంక పదకొండు కిస్తులున్నయ్.
షట్టరు సగం దించి
పొద్దు పొడవక ముందే బండెక్కిన, డిండికి.

నీళ్లు అడుక్కు జారినయ్.
దిగిపోయిన నీరు గీసిపోయిన తెల్లటి గీతలు
మెట్లు మెట్లుగ.
వాటి నడుమ గులకరాళ్లు, నత్తగుల్లలు,
ఎవరిదో ఒంటి చెప్పు.
మొద్దు మీద నీటికాకులు రెక్కలారేసుకున్నయ్
ఉతికిన ఇంటి దండెం లెక్క.

పెండ్లిపిల్లలతోటి అలవాటైనోణ్ని:
గదుమ కొంచెం పైకి, అమ్మా,
నవ్వు, పండ్లు కనవడొద్దు,
ఇటు, నా చెయ్యి దిక్కు చూడు.
కొంగకు ఏం చెప్పాలె?
నోరు మూసుకొని బోర్ల పండుకున్న.

తీతువు అరిచింది.
నెత్తి మీదికొచ్చి, పక్కకు ఒరిగి,
మళ్లొచ్చి అరిచింది.
మా దిక్కు ఆ కూత ఇంటి మీంచి పోతే
మంచాన ఎవరున్నరో లెక్కపెట్టుకుంటరు.
నేను లెక్కపెట్టింది వేరే:
వెలుగు, వేగం,
దాని కంటి ముందటి ఎర్ర తోలు మీద ఫోకస్.
నలభై ఫ్రేములు. అన్నీ కత్తి లెక్క పదును.
సంబురపడ్డ.

మేకల ఎంట వచ్చిన కీమ్యా తాత
కర్ర మీద గదుమ ఆనించి నిలబడ్డడు.
"ఎంతసేపాయె పండి?"
గంట.
"గంట సంది దాని గుడ్లు ఎండల ఉన్నయ్."

ఏడున్నయ్ తాతా?

కర్ర కొసతోని చూపెట్టిండు.
నా స్టాండు కాలికి జానెడు దూరం.
నాలుగు.
రాయి రంగు, రాయి మచ్చలు,
మొనలన్నీ లోపలికి తిరిగి.
పుల్ల లేదు, ఈక లేదు, ఉత్త నేల.
అవతలి గడ్డ మీది కొంగ ముక్కుల చీలిక గూడ
కనవడ్డది నాకు పొద్దటి సంది.

"మేకలకు కాళ్లల్ల కండ్లుంటయ్ బిడ్డా,
నీ మూడుకాళ్లదానికి లేవు."

అడుగు అడుగు చూసుకుంట
దూరపు తుమ్మచెట్టు దాక ఎనక్కి నడిచిన.

పిట్ట గుడ్ల కాడికి రాలే.
నీళ్ల అంచుకు పోయింది.
మరిచిపోయిందేమో అనుకున్న.
పొట్ట ముంచి, అటు ఇటు ఊగి,
లేచి, ఎగరకుండ నడుచుకుంట వచ్చింది,
ఆగి, నడిచి, ఆగి,
ఎవరన్న చూస్తున్నరా అన్నట్టు వేరే దిక్కు చూసి.
గుడ్ల మీద తడి ఈకలు పరిచి కూసుంది.
కొంచెం సేపటికి లేచి, మళ్లీ నీళ్లకు.
ఏడు సార్లు పోయింది. తర్వాత లెక్క తప్పిన.

ఒక్క ఫోటో తీసిన.
నేల మీద సెగ ఊగుతుంది. అంచులన్నీ కరిగి
పొట్ట కింద ఏదో ఒక మెరుపు,
చుక్కనో, లెన్సు తప్పో చెప్పలేం.
ఆ నలభై పదును ఫ్రేములు
తుమ్మచెట్టు కిందనే చెరిపేసిన.

జ్యేష్ఠంల మూఢం ఇడిసింది.
ఒక్కటే కార్డు, ఒకటే ఉరుకులాట.
కొండమల్లేపల్లి పున్నోళ్ల పెండ్లిల
అప్పగింతల ఫోటోల నడుమ
ఆ పిట్ట దూరిపోయింది.
పిల్ల మేనత్త ఫోన్ల మండిపడ్డది:
"శుభమా అని పెండ్లి చేస్తే తీతువును పెడతవా?"
ఐదువందలు కోసిన్రు.

రాత్రి ఇంకో ఫోను. పెండ్లిపిల్ల, హేమలీల.
గొంతు తగ్గించి,
"అన్నా, ఆ పిట్ట పొట్ట కింద మెరిసేదేంది?"
నీళ్లు, అని చెప్పిన.
"ఎవరికి?"
చెప్పిన, నడిచి వచ్చుడు, ఆగుడు, అన్నీ.

అవతల గిన్నెల చప్పుడు, ఎవరో పిలుస్తున్నరు,
ఆమెకు ఇంక అలవాటు కాని గొంతు.
"పుట్టినయా?" అని అడిగింది.

నేను మళ్లా పోనేలేదు.

పోయి చూసి చెప్త, అన్న.
తెల్లారితే రెండు ముహూర్తాలు.