పంకా కొక్కేలు

కొండపల్లి కోట వెనక అడవిలో
తెల్లదొరలు వేటకొచ్చి పడుకున్న బంగళా.
కరెంటు లేదు. నాగుల్ మీరా లాంతరు పెట్టి
"తలుపు గడియ పడదు, రాయి ఆనించుకోండి" అని
వరండాలోకి వెళ్ళాడు.

దూలానికి పంకా కొక్కేలు మిగిలాయి,
పంకా లేదు.
గోడలో తాడు దూరిన కన్నం,
అంచు ఒకవైపే అరిగి నున్నగా,
చేంతాడు ఒరిసిన బావిగట్టులా.

వేలు పెట్టి చూశాను.
అవతల్నుంచి గాలి.
పొణికి చెట్ల వాసన, కాస్త బీడీ.

పాత రిజిస్టరులో దొరలందరూ ఉన్నారు,
కొట్టిన దుప్పుల లెక్కతో సహా.
తాడు లాగినవాడు లేడు.

దూరంగా థర్మల్ గొట్టాల ఎర్రదీపాలు
ఆరుతూ, వెలుగుతూ.
సరిగ్గా ఆ కన్నం కిందే, గోడకవతల,
మీరా గురక.

ఉక్క.
లేచి, రాయి జరిపి
తలుపు బార్లా తీశాను.
"నిద్ర పట్టలేదా సార్?"
చాప కొంచెం పక్కకి జరిపాడు.