ఐదోవాడి అంకె

పర్లాకిమిడి కాలేజీ గేటు దగ్గర్నుంచి మహేంద్రతనయ వంతెన,
వంతెన దాటి పాతపట్నం రైలు గేటు,
అక్కడ కడ్డీని చేత్తో తాకి వెనక్కి.
రోజూ తెల్లారేలోగా రెండుసార్లు రాష్ట్రం మారుస్తాం.
మైలురాయికి ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు,
రెండూ గుండ్రటి అక్షరాలే,
చీకట్లో ఏది ఏదో పోల్చుకోలేం.

ఆరుగురం.
సవర కొండల మీంచి దిగొచ్చిన ఇలియాస్ రైతా ముందు,
వాడి వెనక వాడి ఊరివాడే, మాట తక్కువ, సొంబరా.
మూడు కైబల్య. నాలుగు మా ఢిల్లేసు,
ఢిల్లేశ్వరరావు. పేరులో తప్ప
పలాస దాటి ఎరగడు.
ఐదు నేను.
ఆరోవాడు పిక్క పట్టేసి వారంగా కుంటుతున్నాడు,
అయినా వస్తాడు, మా చెప్పులకి కాపలా.

పాణిగ్రాహి సారు గోడ మీద సుద్దతో రాశారు:
ఆరుగురు పరిగెత్తాలి, నలుగురిదే లెక్క.
ఒకటోవాడికి ఒకటి, ఇరవయ్యోవాడికి ఇరవై.
నాలుగూ కూడితే ఎవరిది తక్కువో
వాళ్ళే జాతీయ పోటీలకి.
తక్కువైతే గెలిచే లెక్క
మా ఇళ్ళల్లో ఎవరం చూళ్ళేదు.

"మరి ఐదోవాడేటి సారూ?" అన్నాను.
సారు సుద్దముక్కని అరచేతిలో దొర్లించారు.
"నీ అంకె మనకి రాదురా.
కానీ అవతలి నాలుగోవాడికంటే ముందు నువ్వు దాటితే
వాడి అంకె ఒకటి పెరుగుతాది."
అంతే చెప్పి
బోరింగు దగ్గరికెళ్ళి చేతులు కడుక్కున్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
నాన్నది కొమ్ముపని. గేదె కొమ్ముని
నిప్పుల మీద తిప్పి తిప్పి కొంగ మెడ వంచుతాడు.
ఇల్లంతా కాలిన గోరు వాసన.
"బేగి వంచితే ఇరిగిపోద్ది. లోపలిదాకా వేడెక్కాల."
కొంగ గురించి అన్నాడో, నా గురించో,
తలెత్తి మాత్రం చూడలేదు.

డిసెంబరు. బరంపురం అవతల సరుగుడు తోటలు,
ఇసక దారి, రెండు కిలోమీటర్ల చుట్టు ఐదుసార్లు.
బూట్లు కైబల్య వాళ్ళన్నవి, ముందు గుడ్డపీలికలు కుక్కాను.
మూడో చుట్టుకే ఇలియాస్ కనపడలేదు, ముందెక్కడో ఉన్నాడు.
నాలుగో చుట్టులో ఢిల్లేసు
డొక్క పట్టుకుని నడుస్తున్నాడు.
"కదలరా గుంటడా" అని చెయ్యందించాను.
తోసేశాడు. "నువ్వు పో."

కొంత దూరం పోయాక గానీ తట్టలేదు:
ఇప్పుడు నాలుగోవాణ్ణి నేను.
లెక్కకి రానన్న ధీమాతో ఇన్నాళ్ళూ తేలిగ్గా ఉన్న కాళ్ళు
ఒక్కసారిగా నావి కాకుండా పోయాయి,
ఆరుగురివీ అయిపోయాయి, అంత బరువు.
ఎర్రచొక్కా ఒకడు దాటేశాడు.
పచ్చబనియను దాటబోతే దాటనివ్వలేదు,
ఎలాగో అడక్కండి. గుర్తున్నది
చెవిలో వాడి ఊపిరి ఒక్కటే, కొలిమితిత్తిలా.

గీత దాటి ఇసకలో పడ్డాను.
చేతిలో చీటీ పెట్టారు. ఇరవై మూడు.
తలెత్తితే తోట మలుపులో ఢిల్లేసు,
డొక్క వదిలేశాడు, మెడ ఒక పక్కకి వాలిపోయింది,
వాడికి మూడు బారల ముందు పచ్చవాళ్ళ నాలుగోవాడు.
మేం ఏం అరిచామో తెలీదు.
సొంబరా, ఏడాదిలో పది మాటలైనా ఆడనివాడు,
సవర భాషలో ఒక కేక పెట్టాడు,
సరుగుళ్ళ మీంచి కాకులు లేచిపోయాయి.
రెండు ఛాతీలూ ఒకేసారి గీత మీదికి.

టెంటు కింద గుమాస్తా కళ్ళజోడు తుడుచుకుని
చీటీలు పేరుస్తున్నాడు.
పెన్సిలు నాలిక మీద తడిపి కూడతాడు, కొట్టేస్తాడు,
మళ్ళీ మొదటినుంచి.
పాణిగ్రాహి సారు వేళ్ళకి సుద్ద లేదు,
అయినా దులుపుకుంటున్నారు.
ఢిల్లేసు నా భుజం మీద వాలి అడిగాడు,
"ఒరే, జాతీయం ఢిల్లీలోనేనేటి?"
తెలీదన్నాను.
గుమాస్తా ఇంకా కూడుతున్నాడు.