వేరే పెన్సిలు గీత

మే నెల మొదటి శనివారం
వైకె నా చేతికి తాడు కొస ఇచ్చి
"కదలకు" అంది.
హీయుమా దీవిలో అప్పుడప్పుడే మంచు వదిలిన నేల.
బూటు కింద అటుకుల్లా నలుగుతున్న నిరుటి ఆకు.

ముప్పై ఏళ్లు ఓడ కడుపులో
ఇంజన్ల పక్కన నిలబడ్డ మనిషి
పని మానేశాక వచ్చిన డబ్బుతో కొనుక్కున్నవి:
అరవై పలకలు, రెండు పెట్టెల మేకులు, ఒక కిటికీ.
కిటికీ కూలగొట్టిన బడిది.
చట్రం మూలన ఎవరో పిల్లవాడు గీకిన పేరు, సగమే.

చేపల డబ్బా అట్ట వెనక గీసింది షెడ్డు:
ఐదు మీటర్లు, నాలుగు మీటర్లు.
అంతకు మించితే ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలి.
"కాగితాలకూ నాకూ పడదు."
కిటికీ ఉత్తరానికి. ఎందుకంటే
రంపం పళ్లు నూరేటప్పుడు
ఎండ అబద్ధమాడుతుందట.
బల్ల ఎత్తు తన మణికట్టు దాకా.
తలుపుకు మాత్రం రెండు రెక్కలు.
చెడిపోయి వచ్చేవన్నీ వెడల్పుగానే వస్తాయట.

మూడు, నాలుగు, ఐదు అని తాడుకు ముడులు వేసి
మూల సరిచూసింది.
ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు
వేలెడు తేడా లేదు.
ఇక నడుమనున్న నాచు దిబ్బను చదును చేయడమే అనుకుని
పొడిస్తే గునపం ఖంగుమంది.

మూరెడు జరిగి పొడిచాను. ఖంగు.
ఇంకో మూర. అదే మాట.
సాయంత్రానికి నాచు ఊడదీస్తే
బూడిదరంగు వీపు, గులాబీ చారలు,
పడుకున్న ఆవంత.

పక్కపొలం కల్యో ట్రాక్టరు తెచ్చి గొలుసు బిగించాడు.
ట్రాక్టరు ముందు చక్రాలు లేచాయి.
రాయి మర్యాదకైనా కదల్లేదు.
గొలుసు తెగి జూనిపర్ పొదలో పడింది.
కల్యో టోపీ తీసి తల గోక్కుని
"ఎప్పటిదో మంచు ఏరు మోసుకొచ్చిందిది,
సముద్రం అవతల్నుంచి, కూలి అడక్కుండా" అన్నాడు.
"దాన్నే వచ్చి తీసుకుపొమ్మను" అంది వైకె.

షెడ్డునే రెండు మీటర్లు జరుపుదామన్నాను నేను.
అటు బావి.
ఇటు ఆపిల్ చెట్టు వేళ్లు.
వెనక్కి పోతే వెలుతురు పోతుంది.
ఆ రాత్రి,
రాత్రి అనేది అప్పటికే పేరుకు,
పదకొండింటికీ ఆకాశం విరిగిన పాలలా ఉంది,
ఆమె ఒక్కతే రాయి మీద కూర్చుని
చల్లారిన కాఫీ చాలాసేపు తాగింది.

పొద్దున చెవి వెనక పెన్సిలు.
"గోడ దాని చుట్టూ పోతుంది.
నేల దాని దాకా వస్తుంది."

దూలాల గురించి చెప్పడానికేం లేదు,
ఎక్కడైనా దూలం బరువే.
నా బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది, అదీ మామూలే.
చెప్పాల్సింది నేలపలకల సంగతి.
ఒక్కో పలకనూ రాయికి ఆనించి
చెక్కముక్కకు పెన్సిలు కట్టి
రాయి అంచు వెంబడి నడిపించేది.
రాయి ఎక్కడ వంగితే గీత అక్కడ వంగేది.
కోసి, ఉలితో తీసి, ఆనించి, మళ్లీ తీసి.
పదకొండు పలకలు. తొమ్మిది రోజులు.
ఏడో రోజు, సందుల్లో లప్పం కూరితే పోదా అన్నాను.
ఆమె చూసిన చూపుకు
వెళ్లి వంకరపోయిన మేకులు ఏరుకున్నాను.

ఇప్పుడు ఆ రాయి మీద దాగలి ఉంది.
సుత్తి పడితే గోడ అదరదు, కిటికీ అదరదు.
చప్పుడు కిందికి దిగి
ఎక్కడో తనకు తెలిసిన చోట ఆగిపోతుంది.
చలికాలం పక్కనున్న పొయ్యి ఆరిపోయాక కూడా
తెల్లారేదాకా రాయి గోరువెచ్చన.
నిరుడు పంపు బాగుచేయించుకోవడానికొచ్చిన కల్యో
దానికి వీపు ఆనించి కూర్చుని
పంపు మరిచి ఇంటికెళ్లాడు.

డబ్బా అట్ట ఇంకా గోడకే ఉంది, చేప వాసనతో.
నాలుగు గీతలు, కిటికీ, తలుపు, బల్ల.
నడుమ సున్నా కాని సున్నా ఒకటి.
అది తర్వాత గీసిందని
పెన్సిలు రంగే చెప్పేస్తుంది.

చూడవచ్చినవాళ్లు అడుగుతారు,
"రాయి కోసం కట్టారా ఈ షెడ్డు?"
వైకె అవుననదు, కాదనదు.
"కాస్త జరగండి,
వెలుతురుకు అడ్డం" అంటుంది.